మొహం లేని పంపు

నేను పొలంలో అడుగు పెట్టకుండా మందు కొట్టించే మనిషిని. నాచారంలో, హెచ్‌ఎంటీ నగర్ పక్క వీధిలో, మేడ మీది గదిలో కూర్చుంటాను. ఆలేరు దగ్గరో మోత్కూరు దగ్గరో ఉన్న వరి మడి మీద డ్రోన్ ఏ గెట్టున మొదలై ఏ గెట్టున తిరగాలో, ఎంత ఎత్తులో, ఎంత వేగంతో పోవాలో గీసి పంపుతాను. ఎగరేసే పిల్లలు వేరు. వాళ్లు చీకటితోనే బ్యాటరీలు, జనరేటర్, నీళ్ల డ్రమ్ము ట్రాలీలో వేసుకుని, ఉప్పల్ చౌరస్తా దాటి, ఏళ్లుగా తేలని ఫ్లైఓవర్ స్తంభాల దుమ్ములోంచి వరంగల్ రోడ్డెక్కుతారు. నేను గీసిన గీత అప్పటికే వాళ్ల చేతిలోని రిమోట్‌లో ఉంటుంది.

మా నాన్న ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియాలో నక్షలు గీసి రిటైరయ్యాడు. గీతే మా ఇంట్లో కూడు పెట్టింది. ఆయన గీతల కింద ఏ ప్రాణీ చావలేదు. నా గీతల కింద చస్తాయి. మొగి పురుగు చస్తుంది, సుడిదోమ చస్తుంది, వాటిని తిని బతికే సాలీడూ అక్షింతల పురుగూ చస్తాయి. ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు. డ్రోన్ ఒక్క పట్టున 4 మీటర్ల వెడల్పు తడిపితే ఎకరానికి కిలోమీటరు పైన కొంచెం ఎగరాలి. సెకనుకు 4 మీటర్ల వేగమైతే నాలుగు నిమిషాల పైచిలుకు, మలుపులతో కలిపి ఆరు నిమిషాలు. ఆ ఆరు నిమిషాల లెక్క కాగితం మీద చాలా శుభ్రంగా ఉంటుంది.

ఆ చావు ఎవరి ఖాతాలో పడాలి? మందు తయారీ కనిపెట్టినవాళ్లున్నారు. తార్నాక నుంచి హబ్సిగూడ వచ్చే ఉప్పల్ రోడ్డు మీద ఐఐసీటీ ఉంది. అది రీజనల్ రీసెర్చ్ లాబొరేటరీగా ఉన్న కాలంలోనే మోనోక్రోటోఫాస్‌ను మన దేశంలో తయారు చేసే పద్ధతిని రూపొందించింది. ఆడ రెక్కలపురుగు వాసన చూపి మగదాన్ని ఏమార్చే లింగాకర్షక బుట్టల మీద పని చేసిందీ అదే సంస్థ. ఆ తర్వాత మందు అమ్మిన దుకాణందారు, కొన్న రైతు, గీసిన నేను, ఎగరేసిన పిల్లవాడు, ఆ బియ్యం వండుకునే రామంతాపూర్ అపార్ట్‌మెంట్ వాళ్లు. మాంసం విషయంలో మనుస్మృతి సరిగ్గా ఇలాంటి జాబితానే వేసింది. ఒప్పుకున్నవాడు, కోసినవాడు, చంపినవాడు, అమ్మినవాడు, కొన్నవాడు, వండినవాడు, వడ్డించినవాడు, తిన్నవాడు, అందరూ హంతకులేనంది. జైనులదీ అదే దారి: తాను చేసినా, మరొకరితో చేయించినా, చేసినవాణ్ణి మెచ్చుకున్నా ఒకటే.

ఈ జాబితాలంటే నాకు గౌరవమే, కానీ వాటిలో ఒక సుఖం దాక్కుని ఉంది. పాపాన్ని పదిమందికి పంచితే చిల్లర అవుతుంది. చిల్లరను ఎవరూ లెక్కపెట్టుకోరు.

మా వీధి చివరి హార్డ్‌వేర్ దుకాణం సేటు జైనుడు. పైపులు, క్లాంపులు ఆయన దగ్గరే కొంటాను. ఉల్లిగడ్డ, ఆలుగడ్డ ముట్టడు, పొద్దు గూకక ముందే తినేస్తాడు. నేను చేసే పని ఏమిటో తెలిశాక ఒకరోజు బిల్లు రాస్తూ ఆగాడు.

“ఏం పనమ్మా ఇది? ఎన్ని జీవాలు పోతయి?”

“మీరు అన్నం తినరా సేటు?”

“తింట.”

“మందు కొట్టని వడ్లు ఏడ దొరుకుతున్నయి?”

ఆయన కోపం తెచ్చుకోలేదు. “అందుకే మా తాతలు దున్నలేదు. దున్నెటోళ్ల దగ్గర కొనుక్కున్నరు” అన్నాడు. బిల్లు చించి ఇస్తూ, “గది గూడ లెక్కకొస్తదిలే” అని తనే చేర్చాడు.

అప్పటి నుంచి మా ఇద్దరికీ ఇదే వాదన, స్టూలు మీద కూర్చుని, మధ్య మధ్య ఎవరికో అరకిలో మేకులు తూస్తూ. ఆయన చెప్పిన విభజన నాకు పనికొచ్చింది. జైన గృహస్థుకు హింస నాలుగు రకాలు. తలపెట్టి చేసే సంకల్పి హింస పూర్తిగా కూడదు. ఇంటిపనిలో, వంటలో తప్పనిది ఆరంభి. బతుకుతెరువులో జరిగేది ఉద్యోగి. మీదికొచ్చినవాణ్ణి ఎదుర్కొనేటప్పటిది విరోధి. నాగలి కింద వానపాము తెగితే అది ఉద్యోగి. మరి పిచికారీ? పురుగును చంపడానికే కొడుతున్నాం కాబట్టి సంకల్పి కదా అంటాను. పంట మీదికొచ్చింది కాబట్టి విరోధి అనొచ్చేమో అంటాడాయన. ఆ పైన ఆయనకూ తెగదు, ముని మహారాజ్‌గారు వచ్చినప్పుడు అడుగుతానంటాడు. ఆయన ఎప్పుడూ అడగలేదని నా అనుమానం.

మా పిల్లలు పోయే దారిలోనే, ఆలేరు దగ్గర కొలనుపాకలో, జైనుల పెద్ద క్షేత్రం ఉంది. అక్కడ మాణిక్యస్వామిగా కొలిచేది ఋషభనాథుణ్ణి, మొదటి తీర్థంకరుణ్ణి. మనుషులకు కత్తి పట్టడం, రాయడం, సేద్యం చేయడం నేర్పినవాడు ఆయనేనని జైన సంప్రదాయమే చెబుతుంది. నడిచేటప్పుడు చీమను తప్పించుకోమన్న మతానికి ఆదిపురుషుడే నాగలి పట్టడం నేర్పాడు. ఈ మాట సేటుతో అంటే, “ఆకలి గూడ జీవమే కదమ్మా” అన్నాడు. అది శాస్త్రంలో ఉందో లేదో గానీ నాకు నచ్చింది.

మన వైపు నుంచి ఈ ప్రశ్నను మొహమాటం లేకుండా పట్టుకున్నది ధర్మవ్యాధుడు. మహాభారతం అరణ్యపర్వంలో, మిథిలలో మాంసం అమ్ముకునే ఆయన దగ్గరికి కౌశికుడనే బ్రాహ్మణుడు ధర్మం తెలుసుకోవడానికి వస్తాడు. తెలుగు భారతంలో ఈ కథ ఎర్రన చేతి మీదుగా వచ్చింది. దున్నితే ప్రాణులు చస్తాయి, వడ్లగింజలోనూ జీవం ఉంది, నడిస్తే అడుగు కింద నలుగుతాయి, హింస చేయనివాడు లోకంలో ఎవడూ లేడు అంటాడు వ్యాధుడు. అందరూ ఇంతవరకే చెప్పుకుంటారు, ఎందుకంటే ఇంతవరకు హాయిగా ఉంటుంది. ఆయన ఆ వెంటనే అన్నది మరొకటుంది. అహింసే వ్రతంగా ఉన్న యతులు కూడా హింస చేస్తారు గానీ, గట్టిగా ప్రయత్నిస్తే అది తగ్గుతుందన్నాడు. నాకు కావలసింది ఆ తగ్గుదల. ఎంత తగ్గింది, దేనివల్ల తగ్గింది అన్నది మాత్రమే నేను జవాబు చెప్పుకోగల సంగతి.

వీపు మీద పంపు వేసుకుని మందు కొట్టేవాడికి ఈ ప్రశ్న వేరుగా ఎదురయ్యేది. గాలి తిరిగితే మందు తన మొహానికే కొట్టేది. నాలుక చేదెక్కేది, కళ్లు మండేవి. ఆగేవాడు, అటు తిరిగేవాడు, లేదా ఆ పూటకు పంపు దించేవాడు. పక్క మడిలోని తేనెటీగకు, బాయిలోని నీళ్లకు అతని ఒళ్లే కావలి. అతనికి అహింసా వ్రతమేమీ లేదు, తన చర్మం ఉంది, అంతే. ఆ కావలికి పెట్టిన వెల ఎంతో 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ చూపించింది. పత్తికి మందు కొడుతూ ఆ జిల్లాలో 20 మందికి పైగా చనిపోయారు, వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు. కాబట్టి ఆ పంపే బాగుండేదని ఎవరైనా అంటే నేను వినను. మనిషిని మందులోంచి బయటికి తీయడం డ్రోన్ చేసిన నిజమైన మేలు.

కానీ డ్రోన్‌కు మొహం లేదు. గాలి తిరిగినా దానికి చేదు తెలియదు. ఎగరేసే పిల్లవాడు గాలికి ఎగువన, దూరంగా నిలబడతాడు, నిలబడాలి కూడా. అంటే ఇదివరకు ఒళ్లు చేసిన పనిని ఇప్పుడు ఎవరో ముందే కూర్చుని, తలతో చేయాలి. చేయకపోతే అడిగే నొప్పి ఎక్కడా ఉండదు.

ఉదాహరణకు చినుకు. 100 మైక్రాన్ల చినుకు సెకనుకు పాతిక సెంటీమీటర్ల చొప్పున దిగుతుంది. 2 మీటర్ల ఎత్తు నుంచి పైరు చేరడానికి 8 సెకన్లు. గంటకు 10 కిలోమీటర్ల గాలి ఆలోపు దాన్ని 20 మీటర్ల అవతలికి మోసుకుపోతుంది. చినుకు 200 మైక్రాన్లయితే 3 సెకన్లలో దిగుతుంది, 8 మీటర్లు జరుగుతుంది. రెక్కల గాలి కిందికి నొక్కుతుంది కాబట్టి మడి మధ్యలో ఈ లెక్క కొంత మారుతుంది. అంచున తిరిగేటప్పుడు అదే గాలి చినుకును పక్కకు చిమ్ముతుంది. పైగా వీపు పంపుతో ఎకరానికి 150 నుంచి 200 లీటర్ల నీళ్లలో కలిపే మందును మేము 10 లీటర్లలో కలుపుతాం. గెట్టు దాటే ప్రతి చినుకూ పాత చినుకు కంటే 15, 20 రెట్లు చిక్కన. అందుకే నాజిల్ ఎంపిక నాకు చిన్న విషయం కాదు. సన్న చినుకు ఆకంతా బాగా పరుచుకుంటుందని రైతు ముచ్చటపడతాడు, నేను ముతకదే పెట్టిస్తాను.

గాలి లేకపోతే నిశ్చింత అనుకుంటారు. నాకు గాలి లేని తెల్లవారే ఎక్కువ భయం. నాచారం, మల్లాపూర్ వైపు చలికాలంలో రాత్రిళ్లు ఉన్నవాళ్లకు ఇది చెప్పనక్కరలేదు. పగలు ఉండదు, చీకటి పడి గాలి ఆగాక రసాయనాల ఘాటు వీధిలో దిగి కూర్చుంటుంది. నేల చల్లబడి కింద చల్లగాలి, పైన వెచ్చగాలి మూతలా బిగుసుకుంటే ఏదీ పైకి లేవదు. పొలంలో అలాంటి పొద్దున సన్న చినుకు పైకీ పోదు, కిందికీ దిగదు. తెరలా తేలి, ఏ చిన్న పిల్లగాలి వచ్చినా మొత్తంగా ఊళ్లోకి నడుస్తుంది. కాబట్టి పొగమంచు విడిపోయి ఆకు కదిలేదాకా ఆగమంటాను. వరి పూత మీదుంటే పొద్దెక్కాక కూడా వద్దు. ఆ వేళకు పూలు విచ్చుకుంటాయి, తేనెటీగలు తిరుగుతాయి. ఇక మిగిలేది సాయంత్రం.

జైన మునులకు ఈర్యా సమితి అని ఒక నియమం ఉంది. నడిచేటప్పుడు ముందు నాలుగు మూరల నేల చూసుకుంటూ అడుగు వేయాలి. మా పనిలో ఆ నాలుగు మూరలు ముందు రోజు సాయంత్రం మొదలవుతాయి. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం ఆకాశానికి పటం ఉంది. పచ్చ, పసుపు, ఎరుపు రంగుల్లో ఎక్కడ ఎగరొచ్చో చెబుతుంది. కింద ఏముందో ఆ పటం చెప్పదు. భూమి కొలతల టీపన్‌లో గెట్టు ఉంటుంది, గెట్టు మీది ఈత చెట్టు ఉండదు. చెట్టుకు నిలువెత్తులో కట్టిన కల్లు లొట్టి అసలే ఉండదు. గౌడన్న చెట్టెక్కేది పొద్దున, సాయంత్రం. మేము ఎగిరేదీ అప్పుడే. ఉపగ్రహ చిత్రంలో కనిపించని ఈ సంగతి ఊళ్లో ఫోన్ చేస్తేనే తెలుస్తుంది. గొర్రెల మంద ఎటు మేస్తోంది, మల్బరీ ఎవరు వేశారు, బాయి మోటారుకు వేలాడే వైరు ఎంత కిందికి ఉంది, ఇవన్నీ అడుగుతాను. సర్పంచ్ విసుక్కుంటాడు. “మందు గొట్టుడేనా మేడం, పెండ్లి లగ్గమా?” అన్నాడొకాయన.

త్వరగా, పొదుపుగా చేయడం వేరు, జాగ్రత్త వేరు అన్నట్టు మాట్లాడతారు. ఎకరానికింత అని కూలి తీసుకునే పిల్లలకు అలాగే తోస్తుంది, వాళ్లను తప్పుపట్టను. కానీ మడి పొడవు వెంట గీత గీస్తే మలుపులు తగ్గుతాయి, మలుపులు తగ్గితే అంచున చిమ్మేదీ తగ్గుతుంది. ఎకరాల లెక్క సరిగ్గా ఉంటే ట్యాంకులో మందు మిగలదు, మిగలకపోతే కాలువలో కడిగేదీ ఉండదు. ఇక్కడ పొదుపూ దయా ఒకే గీత మీద నడుస్తాయి, అంతగా ఆలోచించక్కరలేదు.

ఆలోచించాల్సింది అంచు. పక్కన మల్బరీ గానీ తేనెపెట్టెలు గానీ ఉంటే గాలి దిగువ గెట్టు పొంటి కొన్ని మీటర్ల పట్టీ వదిలేస్తాను. తలపెట్టి చంపే మొగి పురుగు గురించి రైతుతో కలిసి ఏదో ఒక వాదన చేయగలను. తలపెట్టకుండా చంపే, ఆ మల్బరీ ఆకు మేసే పట్టుపురుగు గురించి నా దగ్గర ఏ వాదనా లేదు. సేటు నాలుగు గదుల్లో దాన్ని ఉద్యోగి గదిలోకి తోసినా నాకు మనసొప్పదు. అందుకే ఆ పట్టీ.

రైతు ఊరుకుంటాడా? “మొత్తానికి పైసలు దీసుకొని గెట్టు పొంటి ఇడిసిపెడితిరి, పురుగు ఆడ్నే దాగుతది” అంటాడు. న్యాయమే. దానికి అతను కనిపెట్టిన మందు తేలిక. మా ట్రాలీ వెళ్లాక ఒక కూలీని పిలిచి, వీపుకు పంపు తగిలించి, ఆ పట్టీ వరకు కొట్టిస్తాడు. నేను తేనెటీగకు వదిలిన జాగాలో మళ్లీ ఒక మనిషి మొహం వచ్చి నిలబడుతుంది. నా నక్షలో అతను ఎక్కడా లేడు. రోజు కూలీ, చాలాసార్లు గుడ్డ ముక్కే మాస్కు, చేతులకు ఏమీ ఉండదు.

ఇప్పుడు ఆ పట్టీని కూడా మా పనిలోనే రాస్తున్నాను. లింగాకర్షక బుట్టలతో సరిపోతే అవి పెట్టిస్తాం. సరిపోదంటే మా పిల్లలే చేతి తొడుగులు, మాస్కు వేసుకుని, గాలి మల్బరీ వైపు లేని వేళ చూసి చేతి పంపుతో కొడతారు. దానికి బిల్లులో విడిగా ఒక వరస ఉంటుంది. కొందరు రైతులు ఆ వరస కొట్టేయమంటారు. కొట్టేస్తే ఆ మడి తీసుకోను. దీనివల్ల పోయిన ఎకరాలు తక్కువేమీ కావు, ఆ ఎకరాల్లో మందు ఎవరో ఒకరు కొడుతూనే ఉన్నారు. సేటు దీన్ని ఏ రకం హింస కింద రాయాలో ఇంకా తేల్చలేదు.