ముంజేతి పిలుపు – మనసు పూనిక

మానవుని కదలికలు రెండు విధములు. తనంతట తాను పూని చేయునది ఒకటి. ఇతరులు చెప్పగా చేయునది రెండవది. తెల్లవారుజామున తల్లి లేపగా లేచు బాలుడును, గంట మ్రోగగా తరగతికి పరుగిడు విద్యార్థియు రెండవ తెగకు చెందినవారు. ఇట్లు లేపబడినవాడు కొన్నాళ్లకు తనంతట తాను లేచువాడు కాగలడా? లేక లేపువారు లేనినాడు మరల నిద్రకే వశుడగునా? ధర్మవిచారమున ఈ ప్రశ్న చాల పాతది. ఆ పాత ప్రశ్నయే నేడు క్రొత్త వేషము ధరించి మానవుని ముంజేతిపై వచ్చి కూర్చున్నది.

నేటి స్మార్ట్ వాచి కాలమును చూపుటతో తృప్తిపడదు. దానిలోని సెన్సరు చేతి చలనమును కనిపెట్టి, దానినిబట్టి మనుష్యుడు కూర్చున్నాడో నడచుచున్నాడో ఊహించును. 2015లో వెలువడిన ఆపిల్ వాచి, గంటలో 50 నిమిషములు కదలక కూర్చున్నవాని మణికట్టును మెల్లగ తట్టి లెమ్మని చెప్పును. లేచి ఒక నిమిషము కదలినచో ఆ గంట లెక్కలోనికి వచ్చును. అట్టి గంటలు దినమునకు 12 కావలెనని అది సాధారణముగ విధించు నియమము. ఫిట్‌బిట్ వాచీలు గంటకు 250 అడుగులు కోరును. పూర్వము గడియారము మనుష్యునకు వేళ చెప్పెడిది. ఇప్పుడు విధిని చెప్పుచున్నది.

ఆ హెచ్చరికలో అసత్యము లేదు. చరకసంహిత ప్రమేహమునకు కారణములు చెప్పుచు, కూర్చుండుటయందలి సుఖమును నిద్రాసుఖముతో పాటు లెక్కించినది. 1953లో లండను నగరమున మోరిస్ అను వైద్యుడును ఆయన సహచరులును బస్సు ఉద్యోగులను పరిశీలించిరి. దినమెల్ల కూర్చుండి బండి నడపు డ్రైవర్లకన్న, మెట్లు ఎక్కుచు దిగుచు టిక్కెట్లు ఇచ్చు కండక్టర్లకు గుండెజబ్బు తక్కువగ కనబడినది. 2012లో ఆస్ట్రేలియాలో జరిగిన ఒక పరిశీలనమున, ప్రతి 20 నిమిషములకు రెండు నిమిషములు మెల్లగ నడచినవారికి భోజనానంతరము రక్తములోని చక్కెర తక్కువగ పెరిగినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో వెలువరించిన సూచనలలో వారమునకు 150 నుండి 300 నిమిషముల వ్యాయామము చెప్పి, కూర్చుండు కాలమును తగ్గింపుడని కూడ చెప్పినది. కావున లెమ్మనుట హితవే. ఆ హితము చెవికెక్కుచున్నదా అనునదే విచారింపవలసినది.

గద్వాలలోని ఒక చేనేత కుటుంబమును మనస్సున నిలుపుకొని చూచినచో ఈ విషయము స్పష్టపడును. ఇంటిపెద్దకు అరువది యేండ్లు దాటినవి. నూలు చీరకు పట్టు అంచును, పట్టు కొంగును కూర్చుట ఆ ఊరి నేతకు ప్రసిద్ధి. పాదములు మగ్గపు గుంటలోను, చేతులు పడుగుపైనను ఉంచి, పూటలకొలది కూర్చుండుటయే ఆయన జీవనము. ఆ నడుమ వైద్యుడు చక్కెరవ్యాధి ఉన్నదని చెప్పెను. హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగము చేయు కుమారుడు దసరాకు వచ్చి, తండ్రి ముంజేతికి ఒక స్మార్ట్ వాచి కట్టి, “నాయనా, ఇది తట్టినప్పుడల్లా లేచి నాలుగడుగులు వెయ్యి” అని చెప్పిపోయెను.

మొదటివారము ఆయన తట్టినప్పుడెల్ల లేచెను. రెండవవారము చిక్కులు బయలుపడెను. అంచు పోగును అంగము పోగుతో ముడివేయుచున్న సమయమున నడుమ లేచుట నేతగానికి కుదరదు. అంతకన్న విచిత్రమేమనగా, మగ్గముపై చేతులు నిరంతరము ఆడుచుండుటచే ఆ యంత్రము ఆయన నడచుచున్నాడని పొరపడి ఊరకుండసాగెను. ఎవనికి లెమ్మని చెప్పవలెనో వానికది చెప్పలేదు. ఆయన చేయి కదపక నిలుచుండి ఎవరితోనో మాటలాడుచున్న వేళ లెమ్మని చెప్పెను. మూడవవారమునకు ఆ తట్టుడు ఉన్నను లేనట్లే ఆయెను. గుడిలో కాపురమున్న పావురము గంట మ్రోతకు బెదరునా?

అక్కడ హైదరాబాదులో కుమారుని సంగతి వేరు. సమావేశము నడుమ వాచి తట్టగా, అతడు బల్ల క్రింద చేతిని రెండుమూడు మారులు విదిలించెడివాడు. వాచి దానిని కదలికగ స్వీకరించి మెచ్చుకొనెడిది. తండ్రి పిలుపు సరిగ అందక లేవలేదు. కుమారుడు పిలుపు అందియు లేవలేదు. ఇందు మోసపోయినదెవరు? యంత్రమునకు మోసపోవుటకు మనస్సు లేదు. చేయి విదిలించినవాడే తన్ను తాను వంచించుకొనెను. లోకమున ఇతరులను వంచించినవానిని అడుగుటకు ఇతరులుందురు. ఆత్మవంచకుని అడుగువాడు వాడొక్కడే.

ఇది ఒక్క ఇంటి కథయే అని తలంపరాదు. పండితుల పరీక్షలును ఇంచుమించుగ ఇదియే చెప్పుచున్నవి. కంప్యూటరు, మొబైలు, ముంజేతి సాధనముల సాయమున కూర్చుండు కాలమును తగ్గింపజూచిన ప్రయోగములను 2017లో ఒకచోట కూర్చి పరిశీలించిరి. సగటున దినమునకు సుమారు 41 నిమిషములు తగ్గినట్లు తేలినది. మొదటి మూడు నెలలలో ఫలము బాగుగ ఉన్నను, ఆరు నెలలకు మించి సాగిన ప్రయోగములలో అది రెండు నిమిషములకన్న తక్కువకు దిగజారినది. 2016లో ప్రకటితమైన సింగపూరు పరిశోధనమున 800 మంది ఉద్యోగులు పాల్గొనిరి. కొందరికి అడుగులు లెక్కించు సాధనముతో పాటు ఆరు నెలలు ధనము కూడ బహుమతిగ ఇచ్చిరి. ధనము వచ్చుచున్నంతకాలము నడక పెరిగినది. ధనము ఆగగనే ఆ పెరుగుదల నిలువలేదు. ఏడాది గడచునప్పటికి సాధనము పొందినవారిలో పదింట ఒకవంతు మాత్రమే దానిని ధరించుచుండిరి. ఇట్లని ఈ సాధనములు వ్యర్థములనుట న్యాయము కాదు. 2022లో వెలువడిన మరియొక పెద్ద సమీక్ష, వీనిని ధరించినవారు సగటున దినమునకు సుమారు 1800 అడుగులు అధికముగ నడచుచున్నారని చెప్పినది. కావున పిలుపునకు బలమున్నది. కాని ఆ బలము తనంతట తాను చిరకాలము నిలుచునది కాదు.

ఎందుచేత నిలువదు? దీనికి మీమాంసాశాస్త్రమున సమాధానము దొరకును. ధర్మమును జైమిని మహర్షి చోదన చేత తెలియబడు శ్రేయస్సుగ నిర్వచించెను. చోదన యనగా ప్రేరేపించు మాట, ‘చేయుము’ అను విధి. అయితే మీమాంసకులు అంతటితో ఆగలేదు. విధివాక్యమునందలి ప్రేరణ ఒకటి, దానిని విన్న పురుషునిలో పుట్టు ప్రయత్నము వేరొకటి అని వారు విడదీసిరి. మొదటిదానిని శాబ్దీభావన యనిరి. రెండవదానిని ఆర్థీభావన యనిరి. ఆ రెండవది పుట్టవలెనన్న మూడు ప్రశ్నలకు సమాధానము కావలెను: ఏమి సాధింపవలెను? దేనిచేత సాధింపవలెను? ఏ విధముగ సాధింపవలెను? ప్రయోజనము తోచనిదే మందబుద్ధి సైతము పనికి పూనడని శాస్త్రజ్ఞుల మాట. ముంజేతి యంత్రము ‘లెమ్ము’ అను మాటను మాత్రము చక్కగ పలుకును. ఎందులకు లేవవలెనో, ఈ మగ్గము మీద, ఈ వయస్సున, ఈ పనితో ఎట్లు లేవవలెనో అది చెప్పజాలదు. చోదన ముంజేతివరకు వచ్చి ఆగిపోవును. పురుషప్రయత్నము పుట్టదు.

ఇంకొక దృష్టాంతము వనపర్తి సీమలోనే కలదు. 1959లో పూర్తియైన సరళాసాగర్ జలాశయమునకు ఆటోమేటిక్ సైఫన్లు అమర్చిరి. నీరు నిర్ణీత మట్టమునకు చేరినంతనే ఎవ్వరును తలుపు లెత్తనక్కరలేకయే ఆ సైఫన్లు పనిచేసి వరదను దిగువకు విడుచును. యంత్రము తనంతట తాను సమయము నెరిగి పనిచేయుట ఆనాడు అద్భుతము, ఈనాడును అద్భుతమే. అయినను 2019 డిసెంబరు 31వ తేదీన ఆ జలాశయపు కట్టకు గండిపడి నీరు వెళ్లిపోయినది. సైఫను వరదను పంపగలదే గాని కట్టను కాచు కన్ను కాజాలదు. శరీరమునకును ఇంతే. గంటగంటకు తట్టు యంత్రముండవచ్చును. శరీరమను కట్టను కాపాడుకొను మెలకువ మాత్రము దేహియందే ఉండవలెను.

దీనికి ఎదురైన దృష్టాంతము నాగర్‌కర్నూలు జిల్లా నల్లమల అడవులలో కనబడును. చైత్రపౌర్ణమి దినములలో సలేశ్వరము లింగమయ్యను సేవింప వేలాది జనులు రాళ్లదారిలో నడచి లోయలోనికి దిగుదురు. ఇంటియొద్ద వీధి చివరి దుకాణమునకు సైతము బండిమీద పోవువారు కూడ అందుందురు. వారిని లెమ్మని తట్టినదెవరు? గమ్యము మీది ప్రీతియే వారి కాళ్లకు బలమైనది. అయితే ఆ మరునాడు ఇల్లు చేరినవారిలో అనేకులు మరల కుర్చీకే అంటుకొందురు. కావున పిలుపు నిత్యమైనను ప్రయోజనము తోచనిచో నిష్ఫలము. ప్రయోజనము తోచినను నిత్యము కానిచో అల్పఫలము. రెండును కలిసినపుడే అభ్యాసము ఏర్పడును. సంధ్యావందనమును పెద్దలు నిత్యకర్మగ విధించినప్పుడు దానిని సూర్యుని ఉదయాస్తమయములకు ముడిపెట్టుటలోని లోచూపు ఇదియే. అచ్చట పిలుపు వేరుగ లేదు, దినమే పిలుపు.

ఇచ్చట మరియొక ధర్మసూక్ష్మము గమనింపదగినది. లెమ్మను హెచ్చరిక కూర్చుండు భాగ్యము గలవానికి మాత్రమే. ఈ మూడు జిల్లాలును 2016 వరకు పాలమూరు జిల్లాలోని భాగములు. దేశమందలి ఎన్నో ఆనకట్టలకు మన్ను మోసిన పాలమూరు కూలీలకు లెమ్మని ఎవ్వరును చెప్పనక్కరలేదు. కూర్చుండుమని చెప్పువారు వారికి కరవైరి. పట్టణములలోని వస్త్రదుకాణములలో దినమెల్ల నిలుచుండి చీరలు చూపు స్త్రీల బాధను గుర్తించి, కేరళ 2018లోను, తమిళనాడు 2021లోను వారికి కూర్చుండు హక్కును చట్టముచే కల్పించినవి. ఒకరికి లేచుట హితము, ఒకరికి కూర్చుండుట హితము. దేహమును బట్టి, వృత్తిని బట్టి హితము మారును. అందరి ముంజేతులకు ఒకే మాట చెప్పు యంత్రమునకు ఈ భేదము తెలియదు. తెలియవలసినది మనుష్యునికి, అందును పని చేయించుకొను యజమానికి మరింత తెలియవలెను. లేవనీయని కొలువులో లెమ్మను వాచి ఉద్యోగికి పరిహాసమే యగును.

గద్వాల ఇంటికి మరల పోవుదము. సంక్రాంతికి వచ్చిన కుమారుడు తండ్రి ముంజేయి బోసిగ నుండుట చూచి, “నాయనా, గడియారం తీసేసినవా?” అని అడిగెను. “అది చెప్పినప్పుడు నాకు వీలు గాదు. నాకు వీలైనప్పుడు అది చెప్పది” అని తండ్రి సమాధానము. ప్రక్క గదిలో కండెలు చుట్టుచున్న తల్లి ఆ మాట విని, “రేపటినుంచి కండెలు నీ పక్కన పెట్ట. పెరటి సావిట్ల పెడుత. అయిపోయినప్పుడల్లా నువ్వే లేచివచ్చి రెండేసి తీసుకపో. మనుమరాలి పెండ్లి చీర నీ చేతితోనే నేస్తనంటివి గద, ఆ దినంవరకు కాళ్లు గట్టిగ ఉండాలె” అనెను. ఆమె ఏ శాస్త్రమును చదివినది కాదు. అయినను సాధ్యము, సాధనము, విధానము అను మూడింటిని ఒక్క మాటలో చెప్పినది. నాటినుండి ఆ నేతగానికి కండె ముగియుటయే గంట ఆయెను. పని నడుమ లేవనక్కరలేదు; పనియే ఆయనను లేపుచున్నది.

తల్లి ఏర్పాటు చూచిన కుమారుడు తన వాచిని పారవేయలేదు. పారవేయవలసిన అవసరమును లేదు. అక్షరాభ్యాసమునాడు గురువు శిశువు చేయి పట్టి దిద్దించును. ఆ చేయి ఎల్లకాలము పట్టుకొనియుండుట గురువునకు గౌరవము కాదు, శిష్యునకు విద్యయు కాదు. ముంజేతి యంత్రమును అట్టి తొలినాటి చేయూతగ గ్రహించువానికి అది మేలే చేయును. అది తట్టినప్పుడు చేయి విదిలింపక, “ఎవరికొరకు ఈ దేహమును నిలుపుకొనుచున్నాను?” అని ఒక్కమారు తన్ను తాను ప్రశ్నించుకొని లేచినవాడు, కొన్నాళ్లకు అది తట్టకమునుపే లేచుట నేర్చుకొనును. అట్లు ప్రశ్నించుకొననివాడు రెండు ముంజేతులకు రెండు వాచీలు కట్టుకొన్నను కూర్చున్నచోటనే యుండును.