కారణం కనిపించే పండుగ

స్కాట్లాండుకు ఉత్తరాన ఉన్న షెట్లాండ్ దీవుల్లో, లెర్విక్ పట్టణంలో, ఏటా జనవరి చివరి మంగళవారం రాత్రి ఒక ఓడను తగలబెడతారు. ముప్పై అడుగుల వరకు పొడవు, ముందు కొసన డ్రాగన్ తల, రెండు పక్కలా డాళ్ల వరస. ఊరివాళ్లు చలికాలపు సాయంత్రాలన్నీ వెచ్చించి, కూలి తీసుకోకుండా కట్టిన ఓడ అది. వెయ్యిమంది దాకా కాగడాలు పట్టుకుని దాన్ని వీధుల్లో ఊరేగించి, మైదానంలో దాని చుట్టూ తిరిగి, ఆ కాగడాలనే అందులోకి విసురుతారు. పండుగ పేరు అప్ హెలీ ఆ. సముద్రం దాటి వచ్చి అక్కడ స్థిరపడిన నార్స్ పూర్వీకులను, అంటే వైకింగులను, తలచుకునే పండుగ. 1469లో డెన్మార్క్, నార్వేల రాజు మొదటి క్రిస్టియన్ కూతురి కట్నం కింద ఆ దీవులను స్కాట్లాండు రాజుకు తాకట్టు పెట్టి, మళ్లీ విడిపించుకోలేకపోయాడు. పాలన మారినా పుట్టుక మారలేదని ఆ మంట చెబుతుంది.

పండుగ మాత్రం అంత పాతది కాదు. 19వ శతాబ్దంలో లెర్విక్ కుర్రాళ్లు చలికాలపు పండుగ రాత్రుల్లో మండుతున్న తారు పీపాలను ఇరుకు వీధుల్లో ఈడ్చుకుంటూ అల్లరి చేసేవారు. 1870ల్లో దాన్ని ఆపించాక కాగడాల ఊరేగింపు వచ్చింది. చూపు కోల్పోయిన రచయిత హాల్డేన్ బర్జెస్ లాంటివాళ్లు దానికి వైకింగు రూపం కట్టారు. ఓడ 1889లో చేరింది, దండుకు నాయకుడైన యార్ల్ 1906లో. ఇన్ని తేదీలు తెలిసిన ఆచారానికి పవిత్రత ఎక్కడిది? వేదవాక్యాల అర్థాన్ని విచారించే మన పూర్వమీమాంస దగ్గర ఇందుకు గట్టి కొలత ఉంది. మూలం కనబడని ఆచారానికి లుప్తమైన వేదవాక్యాన్ని ఊహించి ప్రామాణ్యం ఇవ్వవచ్చు. లోభం లాంటి లౌకిక హేతువు కనిపిస్తే ఇవ్వకూడదు. జైమిని సూత్రాల మొదటి అధ్యాయం మూడో పాదంలో ఈ విచారణ సాగుతుంది, హోలాక అనే ప్రాంతీయ ఉత్సవం కూడా అక్కడ చర్చకు వస్తుంది. లోభం విషయంలో మీమాంసకుల అనుమానం నూటికి నూరుపాళ్లూ సబబు. అయితే కారణం కనబడటమే దోషమని అందులోంచి తేల్చలేం, కనబడిన కారణం ఎలాంటిదో చూడాలి. నెలల శ్రమ ఒక్క రాత్రిలో బూడిదయ్యే చోట లోభానికి తావెక్కడ? మట్టి వినాయకుణ్ణి నీళ్లలో కలిపే మనకు ఇది తెలియని సంగతి కాదు. ఓడను దాచిపెట్టి ఉంటే, నూరేళ్లకు దాన్ని వైకింగుల కాలానిదని నమ్మించేవాళ్లు పుట్టుకొచ్చేవారు. కాల్చేస్తారు కనుక మళ్లీ కట్టాలి, కట్టాలంటే పిల్లలకు పని నేర్పాలి. ఆ బాధ్యతలోనే నాకు పవిత్రత కనిపిస్తోంది.

మనుషులు పెట్టిందని ఒప్పుకుంటే ఎవరైనా మార్చేస్తారు, ఇక నిలిచేదేముందని అడగవచ్చు. మార్చారు కూడా. లెర్విక్ ఊరేగింపు దళాల్లో చాలాకాలం మగవాళ్లే ఉండేవారు, అదే సంప్రదాయమని వాదించేవారు. 2023 నుంచి ఆడవాళ్లూ కాగడాలు పడుతున్నారు. పండుగ ఏమీ కూలిపోలేదు. అది అనాది అని నమ్మి ఉంటే ఆ అడ్డు తీయడం ఎంత కష్టమయ్యేదో, ఆలయప్రవేశం కోసం పోరాడిన దేశంలో పుట్టినవాళ్లకు వేరే చెప్పాలా?

నన్ను నిజంగా ఇబ్బంది పెట్టే ఆక్షేపణ ఇంకొకటి ఉంది. వైకింగులు దోచుకున్నారు, మనుషులను బానిసలుగా అమ్మారు. వాళ్లను కొలిచే దీవుల్లో సముద్రం మీద బతికినవాళ్లు వేరు. సిక్సరీన్ అనే ఆరు తెడ్ల పడవలో, కప్పు లేకుండా, ముప్పై నలభై మైళ్లు వెళ్లి చేపలు పట్టిన కౌలుదార్లు వాళ్లు. భూస్వామికి చేపలు పడితేనే భూమి నిలిచే రోజులవి. 1881 జులై 20 రాత్రి తుపానులో పది పడవలు పోయాయి, 58 మంది మునిగిపోయారు. వాళ్లలో ఎక్కువమంది యెల్ దీవిలోని గ్లూప్ నుంచి వెళ్లినవాళ్లే. ఆ తర్వాత ఎనిమిదేళ్లకే లెర్విక్‌లో మొదటి ఓడ కాలింది. దగ్గరి చావులను దాటి దూరపు వీరులను వెతుక్కున్నారని ఎవరైనా అంటే కొట్టిపారేయలేను. కానీ తగలబెట్టే ఓడా, జాలర్ల సిక్సరీనూ ఒక వంశానివే. రెండు కొసలూ కోసుగా తేలి, పలక మీద పలక ఎక్కించి బిగించే సిక్సరీన్ పద్ధతి నార్వే నుంచి వచ్చింది. ఒకప్పుడు ఆ పడవల చెక్కలు అక్కడే కోసి, విడివిడిగా ఓడల్లో షెట్లాండుకు తెచ్చేవారు. కాబట్టి ఆ మంటలో గ్లూప్ జాలర్లకూ వాటా ఉంది. డ్రాగన్ తలను చూసి మురిసిపోయే ఊరు, దాని కింది పలకల్లో మునిగిపోయినవాళ్ల పనితనాన్ని గుర్తుపట్టాలని అడిగే హక్కు మనకుంది. పండుగను పెట్టింది మనుషులే అని తెలుసు కనుకనే ఆ మాట అడగగలుగుతున్నాం.