తోటకు కావలి, తోబుట్టువుకు కావలి



చలికాలం వచ్చిందంటే మన విచారణల నుండి ఎన్నో కుటుంబాలు అరకులోయకు బయలుదేరుతాయి. అక్కడ అందరూ చూసే స్థలాల్లో పద్మాపురం ఉద్యానవనం ఒకటి. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో, 1942లో, సైనికులకు కూరగాయలు పండించడానికి ఆ తోట వేశారు. యుద్ధం ముగిసింది, తోట మిగిలింది. సైన్యం కోసం తవ్విన నేలమీద నేడు పూలు పూస్తున్నాయి, పిల్లలు ఆడుకుంటున్నారు.

విశ్రాంతి దేవుని వరం. ప్రభువు కూడా అలసిన శిష్యులను నిర్జన స్థలానికి తోడ్కొని పోయాడు. అక్కడే ఐదువేలమందిని పచ్చికపై కూర్చుండబెట్టి ఆకలి తీర్చాడు. అందరూ తిన్న తరువాత ఏమి చేశాడో గమనించారా? మిగిలిన ముక్కలన్నీ ఎత్తించాడు. పన్నెండు గంపలు నిండాయి. మరి మనం భోంచేసి లేచిన చోట ఏమి మిగులుతోంది? ప్లాస్టిక్ పళ్ళేలు, నీళ్ళ సీసాలు. మరునాడు వాటిని ఏరేది ఎవరు?

దేవుడు తొలి మానవుని తోటలో ఉంచింది దానిని సాగు చేయడానికి, కాపాడడానికి అని ఆదికాండము చెబుతోంది. 'కాపాడడం' అనే ఆ హెబ్రీ మాటే మరల కయీను నోట వినిపిస్తుంది. తమ్ముని కాపలా తన పని కాదన్నట్లు అతడు దేవునికే ఎదురు ప్రశ్న వేశాడు. తోటకూ తోబుట్టువుకూ కావలి మాట ఒక్కటే!

అరకు మనకు విహారస్థలం, గిరిజన సోదరులకు ఇల్లు. సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ, ఆ చెట్లకే పాకిన మిరియాల తీగ వారి బ్రతుకుతెరువు. ఆ నేలను నిలుపుకోవడానికి న్యాయస్థానం దాకా వెళ్ళవలసి వచ్చింది. బొర్రా ప్రాంతపు గనుల లీజులపై సమత సంస్థ వేసిన వ్యాజ్యంలో, షెడ్యూల్డు ప్రాంతాలలో ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వరాదని 1997 జూలై 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

కనుక ఈసారి వెళ్ళేటప్పుడు ఒక ఖాళీ సంచి తీసుకువెళ్ళండి. మీ చెత్త మీతోనే తిరిగి రావాలి. పండ్లు అమ్మే తల్లితో రూపాయి కోసం గీచి గీచి బేరమాడకండి. అడగకుండా ఆమె ఫోటో తీయకండి. ఆదివారమైతే అక్కడి దేవాలయంలో దివ్యబలిపూజకు వెళ్ళి, గిరిజన సోదరుల ప్రక్కన మోకరించండి. మీ ఊరి పార్కులోనూ ఈ నియమమే పాటించండి.

పునరుత్థాన దినాన మగ్దలా మరియమ్మ ప్రభువును చూసి తోటమాలి అనుకొంది. మన నడవడి చూసినవారు మనలను ఆ తోటమాలి బిడ్డలని గుర్తుపట్టుదురుగాక! ఆమెన్.