సామాను దగ్గర నిలిచినవారు

ధ్యాన భాగములు: 1 సమూయేలు 30:21–25, అపొస్తలుల కార్యములు 18:1–3, 24–26



దావీదు సిక్లగునకు తిరిగివచ్చునప్పటికి ఊరు కాలి బూడిదయై యుండెను. భార్యలను, బిడ్డలను అమాలేకీయులు చెరపట్టుకొని పోయియుండిరి. ఆరువందలమందితో దావీదు వారిని తరుముచు బెసోరు వాగు చేరెను. అక్కడ రెండువందలమంది అలసి కూలబడిరి; వాగు దాటలేకపోయిరి. తక్కిన నాలుగువందలమంది ముందుకు సాగి, జయించి, సమస్తమును విడిపించి తెచ్చిరి. అప్పుడు వారిలో కొందరు, తమతో రానివారికి సొమ్ములో పాలు ఇయ్యరాదని పట్టుపట్టిరి. దావీదు ఒప్పుకొనలేదు. పోరాడినవానికి ఎంత పాలో, సామాను కాచినవానికిని అంతే పాలని తీర్పు చెప్పెను. జయము మన చేతిది కాదు, దేవుడు ఇచ్చినదని ఆయన ఎరుగును. ఆ దినము మొదలు అది ఇశ్రాయేలులో కట్టడ ఆయెను.

ఈ కట్టడను నేను ఎన్నిసార్లో చదివితిని. అయినను ఒకసారి దానిని మీరితిని. మా సంఘములో ఒక వృద్ధుడును ఆయన భార్యయు కలరు. ఏండ్ల తరబడి కానుకల పుస్తకము ఆయన వ్రాసెను. చాపలు పరచుట, బల్లారాధన పాత్రలు తోముట ఆమె చేసెను. ఆయన చూపు మందగించి లెక్కలో రెండుసార్లు తప్పు వచ్చెను. పుస్తకమును పడుచువానికి ఇత్తమని పెద్దలు అనగా నేనును సరే అంటిని. ఆయన ఇంటికి పోయి నెమ్మదిగా చెప్పుటకు ధైర్యము చాలక, ఆదివారమున నలుగురి యెదుట పుస్తకము అడిగితిని. ఆయన మారుమాట లేక ఇచ్చెను. గుమ్మము దాటుచు, "అయ్యగారూ, ఇక నాకు పని యేమి?" అనెను. నా నోట జవాబు రాలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ప్రియులారా, అకుల ప్రిస్కిల్లల సంగతి తలంచుడి. అకుల పొంతు దేశస్థుడు. యూదులందరు రోమా విడిచిపోవలెనని క్లౌదియ చక్రవర్తి ఆజ్ఞ ఇయ్యగా ఆ దంపతులు కొరింథునకు వచ్చిరి. అచ్చట డేరాలు కుట్టుచు పౌలునకు ఇల్లు ఇచ్చిరి. తరువాత ఎఫెసునకు వెళ్లిరి. అక్కడ అపొల్లోను తమయొద్ద చేర్చుకొని దేవుని మార్గమును మరింత విశదముగా తెలిపిరి. వారు వీధిలో నిలిచి గొప్ప ప్రసంగము చేసినట్లు ఎక్కడను వ్రాయబడలేదు. వారి సేవ అంతయు ఇల్లు, సూది, బల్ల, సహవాసము. క్రొత్త నిబంధనలో వారి పేర్లు ఆరు చోట్ల కలవు. ఆరు చోట్లను ఇద్దరివి కలిసియే యున్నవి. పౌలు చెరసాలలో తన ముగింపును ఎదురుచూచుచు తిమోతికి వ్రాసిన పత్రికలోను వారిని మరువక వందనములు పంపెను.

మన తెలుగు దేశమునకు వచ్చిన ఒక జంటను కూడ చెప్పెదను. అమెరికా బాప్తిస్టు మిషనువారైన లైమన్ జూవెట్ దొరగారును దొరసానిగారును 1849లో నెల్లూరు చేరిరి. ఫలము స్వల్పము. 1853లో ఈ మిషనును మూసివేయుదమా అని వారి దేశపు సభలో ఆలోచన జరిగెను. 1854 జనవరి 1వ తేది తెల్లవారుజామున ఒంగోలు కొండమీద అయిదుగురు మోకరించి ప్రార్థించిరి. ఆ దంపతులును, మన తెలుగు విశ్వాసులు ముగ్గురును అందులో నుండిరి. 1862లో మరల మిషను మూయుదమను మాట రాగా, ఎవరు పంపకపోయినను తాను తిరిగిపోయి తెలుగువారి మధ్యనే చచ్చెదనని జూవెట్ దొరగారు పట్టుపట్టిరి. తరువాత క్లౌ దొరగారు వచ్చి 1866లో ఒంగోలున స్థిరపడిరి. 1876 మొదలు 1878 వరకు గొప్ప కరవు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెలంపల్లియొద్ద ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

ఆ పంటకు విత్తనము చల్లిన దంపతులు అప్పటికి అరువది యేండ్ల ప్రాంతపు వృద్ధులు. ప్రయాసపడితిమి, ఇక పంటను చూచుకొని విశ్రమింతుమని వారు తలంచలేదు. అదే 1878లో మద్రాసునకు పోయి అచ్చటి తెలుగువారి మధ్య క్రొత్తగా పని మొదలుపెట్టిరి. అక్కడ వేలమంది లేరు. మొదటినుండి మరల ఒక్కొక్కరితో ఆరంభింపవలసి వచ్చెను. తెలుగు బైబిలు తర్జుమా సవరణలోను జూవెట్ దొరగారికి పాలు కలదు. అది బల్లయొద్ద కూర్చుండి మాట మాటయు పోల్చి చూడవలసిన పని. చూచి మెచ్చువారు ఉండరు. అయినను ఈ ఉదయమున మనము వాక్యము తెరచినప్పుడు అట్టివారి ప్రయాసము మన చేతిలో నున్నది.

వృద్ధులారా, వాగు దాటలేకపోతిమని కృంగకుడి. తొంబది రెండవ కీర్తనలో ముసలితనమందును కాయు చెట్టును గూర్చి యున్నది. ఎనుబది నాలుగేండ్ల అన్న దేవాలయము విడువలేదు. పడుచువారలారా, మీరు బలముగలవారు, వాగు దాటుడి. అయితే తిరిగివచ్చినప్పుడు పాలు పంచుకొనుడి. సంఘ పెద్దలారా, పని తీసికొనవలసి వచ్చినచో మొదట ఇంటికి పోయి చెప్పుడి. వేరొక పని చేతిలో పెట్టక ఒక పని తీసికొనకుడి.

ఆ వారములోనే నేను ఆ వృద్ధుని ఇంటికి వెళ్లి క్షమాపణ అడిగితిని. ఆయన నా చేయి పట్టుకొని చాలసేపు మాటలాడలేదు. ఏ యింట ఎవరు ఎప్పుడు బాప్తిస్మము పొందిరో, ఏ కుటుంబము ఎందుచేత మందిరమునకు రావడము మానెనో ఆయనకు కంఠస్థము. ఇప్పుడు పడుచువాడు పుస్తకము తీసికొని ఆయన అరుగుమీద కూర్చుండును. ఆయన చెప్పును, ఇతడు వ్రాయును. మానిపోయిన యిండ్లకు ఆ దంపతులే నెమ్మదిగా నడచివెళ్లి పిలుచుచున్నారు. రెండు కుటుంబములు తిరిగి వచ్చినవి. నేను ఎన్నిసార్లు వెళ్లినను రానివారు వారు.

ఈ నెల మీ సంఘములో సామాను దగ్గర నిలిచినవారు ఎవరో వెదకుడి. వారి గుమ్మము తొక్కుడి. వారి పాలు వారికి ఇండు.

ప్రార్థన: ప్రభువా, మా తలలు నెరసినను మమ్మును నీ పనిలోనుండి త్రోసివేయకుము. వృద్ధులను తేలికగా చూచిన మా తప్పు క్షమించుము. నీవు ఇచ్చిన జయములో అందరికి సమముగా పాలు పంచు హృదయము మాకు దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.