‘తరువాత’కూ ‘వల్ల’కూ నడుమ: టీకా భద్రతపై ఒక నైతిక విచారణ

‘టీకా తరువాత జ్వరం వచ్చింది’, ‘టీకా వల్ల జ్వరం వచ్చింది’ అనే వాక్యాలను నిత్యవ్యవహారంలో ఒకదానికి బదులు మరొకటి వాడుతుంటాం. మొదటిది కాలక్రమాన్ని, రెండవది కార్యకారణ సంబంధాన్ని తెలుపుతుంది. మొదటిది రెండవదానికి రుజువు కాదని కాకతాళీయ న్యాయం చెబుతుంది. కాకి వాలిన క్షణానే తాటిపండు రాలినా, ఆ రాలడానికి కాకి కారణం కానక్కరలేదు. అయితే ఈ న్యాయాన్ని ఎవరు, ఎవరితో, ఎప్పుడు చెప్పవచ్చునన్నది తర్కంతో తీరని ప్రశ్న. ఖమ్మం జిల్లా అనుభవం ఆధారంగా దీనిని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2009 జూలైలో, నాటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లా భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10-14 ఏళ్ల బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే హెచ్.పి.వి. టీకా వేయడం మొదలైంది. పాథ్ అనే అంతర్జాతీయ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేపట్టిన ఈ అధ్యయనంలో సుమారు 14 వేల మందికి టీకా వేశారు. గుజరాత్‌లోని వడోదరలోనూ ఇటువంటి అధ్యయనమే జరిగింది. రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు బాలికలు మరణించిన నేపథ్యంలో 2010 ఏప్రిల్‌లో కార్యక్రమాన్ని నిలిపివేశారు. నీట మునగడం, పాముకాటు, పురుగుమందు, మలేరియా వంటివి ఐదు మరణాలకు కారణాలని విచారణలో తేలింది. మిగిలిన రెండింటికీ టీకాతో సంబంధం ఉండే అవకాశం తక్కువేనని నిపుణులు భావించారు.

టీకా నిర్దోషి అయినంత మాత్రాన దానిని వేసిన విధానం నిర్దోషమవుతుందా? ఆంధ్రప్రదేశ్‌కు చెందిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 పత్రాలపై వసతిగృహాల వార్డెన్లే సంతకాలు చేశారని 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం వెల్లడించింది. దుష్ప్రభావాల పర్యవేక్షణ లోపభూయిష్ఠమని కూడా విమర్శించింది.

ఈ రెండింటినీ సాధారణంగా వేర్వేరు లోపాలుగా, ఒకటి నైతికమైనదిగా, మరొకటి సాంకేతికమైనదిగా చూస్తారు. నిజానికి వీటి మూలం ఒక్కటే. ‘తరువాత’ నుంచి ‘వల్ల’ దాకా వెళ్లాలంటే, టీకా వేయించుకున్నవారిలోనూ, వేయించుకోని అదే వయసువారిలోనూ ఒక ఘటన ఎంత తరచుగా సంభవిస్తుందో పోల్చి చూడాలి. వేలాది పిల్లల్లో టీకా లేకున్నా కొన్ని అనారోగ్యాలు, కొన్ని మరణాలు తప్పవు. ఆ పోలికకు కావలసిన సమాచారం ఇంటినుంచే రావాలి. బిడ్డకు ఏమైందో మొదట గమనించేది తల్లి. సూది వేసే ముందు ఆమెను అడగని వ్యవస్థ, వేసిన తరువాత ఆమె చెప్పేది నమోదు చేస్తుందని ఆశించలేం. కనుక అంగీకారం మర్యాద కోసం జరిపే లాంఛనం కాదు. తల్లిని సాక్షిగా గుర్తించే తొలి చర్య.

దుష్ప్రభావాలను బహిరంగంగా చర్చిస్తే జనం టీకాలకు దూరమై, నివారించదగిన వ్యాధులకు బలవుతారన్న ఆక్షేపణ ఉంది. అది తోసిపుచ్చదగినది కాదు. కానీ మౌనం భయాన్ని తొలగించదు. దానికి సమాధానం లేకుండా చేస్తుంది. అడగని ప్రభుత్వం ఆలస్యంగా చెప్పిన నిజాన్ని కూడా సాకుగానే వింటారు. ఆ అవిశ్వాసాన్ని అజ్ఞానమనడం తగదు.

కాకతాళీయమనే తీర్పు విచారణ ముగిశాకే చెల్లుతుంది. విచారణకు బదులుగా చెబితే, అది నిజమే అయినా అన్యాయమే.