మిగిలింది ఎవరిది?

పొదుపు చిట్కాల్లో అబద్ధాలు తక్కువ. కందిపప్పు అరగంట ముందు నానబెడితే త్వరగా ఉడుకుతుంది, గ్యాస్ మిగులుతుంది. నిజమే. కుక్కరు కూత పెట్టగానే మంట తగ్గించాలి; లోపల ఆవిరి నిండాక పెద్ద మంట పెట్టినంత మాత్రాన పప్పు ముందు ఉడకదు, కూతలు మాత్రం ఎక్కువొస్తాయి. అదీ నిజమే. బియ్యం కడిగిన నీళ్ళు కరివేపాకు మొక్కకి, బీరకాయ పొట్టు పచ్చడికి, మామిడి టెంకలు పప్పులోకి. నూనె ప్యాకెట్టు అంచు కత్తిరించి, లోపల అంటుకున్న జిడ్డుతో చపాతీ పిండి తడపడం మా ఇంట్లో ఇప్పటికీ ఉంది. నేనే చేస్తాను. సిగ్గేమీ పడను.

నా పేచీ చిట్కాలతో కాదు, వాటి పక్కన వేసే లెక్కతో. నెలకి ఇన్ని వందలు మిగులుతాయని రాస్తారు. అందుకు ఎంతసేపు పడుతుందో రాయరు. ఆ సేపు ఎవరిదో అసలే రాయరు.

పాతకాలపు 60 వాట్ల బల్బు రోజుకి 5 గంటలు వెలిగితే నెలకి 9 యూనిట్లు తింటుంది. దాదాపు అదే వెలుగిచ్చే 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బుకి యూనిట్టున్నర కూడా పట్టదు. ఎవరో ఒకరు ఒకసారి స్టూలెక్కి మార్చితే చాలు, తర్వాత ఏళ్ళతరబడి ఆ మిగులు దానంతటదే వస్తుంది. ఇంట్లో ఎవరి నడుమూ వంగక్కర్లేదు. 1999 జనవరి 26న మొదలైన రైతు బజార్లదీ ఒక రకంగా ఇదే దారి. మధ్యలో దళారీ తప్పుకున్నందువల్ల కొనేవాళ్ళకి తగ్గింది, అమ్మేవాళ్ళకి పెరిగింది. కూరగాయల గంప దించిన ముసలమ్మతో అయిదు రూపాయల కోసం పావుగంట గీసి గీసి బేరమాడి, అదే సాయంత్రం సినిమా హాల్లో పేలాల డబ్బాకి చెప్పిన ధర నోరెత్తకుండా ఇచ్చేవాళ్ళ పొదుపు దీనికి పూర్తిగా వేరు. అక్కడ మిగిలిన అయిదు రూపాయలూ ఆవిడ కొంగులోంచి వచ్చినవే. ఎంగిలి చేత్తో కాకిని తోలనివాళ్ళని మనవాళ్ళు వెక్కిరిస్తారు గానీ, నాకు వాళ్ళమీద అంత కోపం లేదు. వాళ్ళు తమకీ పెట్టుకోరు, ఒకరికీ పెట్టరు, అంతే. ఇతరుల దగ్గర కోసి తాము మిగుల్చుకునే వాళ్ళకి మాత్రం మన దగ్గర ‘గడుసువాళ్ళు’ అని మంచి పేరే ఉంది.

ఇక గుమ్మడి వడియాల సంగతి చూడండి. బూడిద గుమ్మడికాయ చిన్న ముక్కలుగా తరగాలి. ఉప్పూ పసుపూ కలిపి గుడ్డలో మూటగట్టి, నీరంతా కారేలా రాత్రంతా దానిమీద బరువు పెట్టాలి. పొట్టు మినప్పప్పు నానబోసి, పొద్దున్నే లేచి పొట్టు పోయేదాకా కడిగి, పచ్చిమిరపకాయలు వేసి గట్టిగా రుబ్బాలి. ఎండ ముదరకముందే మేడమీద పాత చీర పరిచి ఒక్కొక్కటే పెట్టుకుంటూ పోవాలి. కాకులకి కాపలా ఉండాలి. సాయంత్రం చీర వెనకవైపు నీళ్ళు చల్లి వడియాలు ఒలిచి, మళ్ళీ రెండు మూడు రోజులు పళ్ళెంలో ఎండబెట్టాలి. ఇంత చేస్తే ఒక డబ్బా నిండుతుంది. బజార్లో కొన్నదానికంటే చవకే పడిందని ఇంట్లో అందరూ అంటారు. అంటే ఏమిటి? గుమ్మడికాయకీ మినప్పప్పుకీ వెల కట్టారు, ఆ మనిషి తెల్లవారుజాముకి సున్నా వేశారు.

ఒకసారి ఈ మాటే మా అమ్మతో అన్నాను. ఆవిడ కోపగించుకుంది. “నీకేం తెలుసే! నేను పెట్టిన వడియం నూనెలో వేస్తే ఎలా పొంగుతుందో చూశావా? కొట్లోది అలా పొంగుతుందా?” అంది. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. ఎందుకంటే ఆవిడకి అది చాకిరీ మాత్రమే కాదు, పనితనం కూడా. పిండి ఎంత గట్టిగా ఉండాలో వేళ్ళకి తెలుసు, ఏ రోజు మబ్బు పడుతుందో ఆకాశం చూస్తే తెలుసు. అలాంటి మనిషిమీద నేను జాలి పడబోతే ఆవిడకి అవమానంగానే ఉంటుంది. చీరల దగ్గరా ఆవిడది ఇదే పనితనం: పట్టుచీర పెళ్ళిళ్ళకీ, నేతచీర ముందు బయటికీ తర్వాత ఇంట్లోకీ, చిరిగాక బొంతలోకీ ఉయ్యాలకీ, చివరికి పొయ్యి దగ్గర మసిగుడ్డగా. స్టీలు సామాన్లమ్మికి నైలాన్ చీరలు వేసి గమేళా తీసుకునేటప్పుడు అమ్మ చేసే బేరం చూడటానికి పక్కింటివాళ్ళు కూడా వచ్చి నిలబడేవారు. వస్తువుని దాని చివరి పోగుదాకా ఎరిగుండటంలో ఒక ఆనందం ఉంది. దాన్ని నేను తక్కువ చెయ్యను.

అయినా ఒక ప్రశ్న మిగిలిపోతుంది. ఇంట్లో ఆ పనితనం నేర్చుకోవలసిన అగత్యం ఒకరికే ఎందుకు పడింది? అన్నం పారెయ్యకూడదన్న నియమం అందరిదీ. రాత్రి మిగిలిన కూర మాత్రం మర్నాడు ఒకే కంచంలోకి చేరుతుంది. పెనానికి అంటుకుని చినిగిన మొదటి దోసె ఎవరు తింటారో తెలుగిళ్ళలో ఎవర్నీ అడగక్కర్లేదు. ఇప్పుడు చద్దన్నం ఆరోగ్యానికి మంచిదని కుండల్లో పెట్టి, పక్కన ఉల్లిపాయ, మిరపకాయ సర్ది హోటళ్ళలో అమ్ముతున్నారు. మంచిదే కావచ్చు. అంత మంచిది అయితే ఇన్నేళ్ళూ మగవాళ్ళకి పొద్దున్నే వేడివేడి ఇడ్లీ ఎందుకు వేశారో నాకు అర్థం కాదు.

పొదుపు చేసిన చేతికే ఆ పొదుపు దక్కితే ఇదంతా చెప్పనవసరం లేదు. దక్కించుకోవడానికి మన ఆడవాళ్ళు కనిపెట్టిన బ్యాంకు పోపుల డబ్బా. ఇంట్లో మగవాడు తన చేత్తో తెరవని వస్తువు అదొక్కటే కాబట్టి దాన్ని ఎంచుకున్నారు. బియ్యం డబ్బా అడుగు, పట్టుచీర మడత, దేవుడి పటం వెనక భాగం, ఇవన్నీ దాని శాఖలు. ఇందులో మోసమేదో ఉందని కొందరు నవ్వుతారు. కనబడే డబ్బు ఇంట్లో నిలవదు. మరిది ఫీజుకో, ఆడపడుచు సీమంతానికో, ఆయన స్నేహితుడి అవసరానికో వెళ్ళిపోతుంది. కనబడకపోవడమే దానికున్న తాళం.

2016 నవంబరు 8 రాత్రి ఆ తాళాలన్నీ ఒక్కసారి ఊడిపోయాయి. 500, 1000 రూపాయల నోట్లు చెల్లవన్నారు. మొదట్లో ఒక మనిషి మార్చుకోగలిగింది 4,000 మాత్రమే, మిగతాది ఖాతాలో వేసుకోవాలి. ఖాతా లేనివాళ్ళు భర్తకి చెప్పక తప్పలేదు. మా బంధువుల్లో ఒకావిడ చీర మడతల్లోంచి నోట్లు తీసి బల్లమీద పెట్టింది. ఆయన మొదట అన్న మాట, “ఇంత డబ్బు దగ్గర పెట్టుకుని నన్ను బయట అప్పు చెయ్యనిచ్చావా?” అని. ఆవిడ ఏళ్ళపాటు పాలవాడి దగ్గర, కూరగాయల దగ్గర, తన పండగ చీర దగ్గర కోసి కూడబెట్టిన సొమ్ము అది. ఆయన ఖాతాలో పడింది. నల్లధనం ఎంత దొరికిందన్న చర్చ చాలా జరిగింది. ఎన్ని ఇళ్ళలో ఆడవాళ్ళ గుట్టు డబ్బు ఇంటిపెద్ద డబ్బుగా మారిపోయిందన్న లెక్క ఎవరూ తీయలేదు. గృహిణులు రెండున్నర లక్షల దాకా ఖాతాలో వేసుకుంటే ఆరా తీయబోమని అప్పట్లో ప్రభుత్వమే చెప్పింది. అయినా అంతకంటే తక్కువే వేసుకున్న ఒక గృహిణికి పన్ను శాఖతో తగవు తప్పలేదు. చివరికి 2021లో ఆదాయపు పన్ను అప్పీళ్ళ ట్రిబ్యునల్ ఆగ్రా బెంచి, ఆ డబ్బు ఆవిడ ఇంటి ఖర్చుల్లోంచి మిగుల్చుకున్నదేననీ, దాన్ని ఆదాయంగా చూడకూడదనీ తీర్పు చెప్పింది. ఇల్లు నడిపే మనిషి మిగుల్చుకోగలదని ఒప్పించడానికి ట్రిబ్యునల్ దాకా వెళ్ళాల్సి వచ్చింది.

దీనికి పూర్తిగా ఎదురుదిక్కున ఉన్న కథ నెల్లూరు జిల్లాది. 1990ల మొదట్లో దూబగుంటలో రాత్రి బడికి వెళ్ళి అక్షరాలు దిద్దిన ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. దూబగుంట రోశమ్మ పేరు అప్పుడే రాష్ట్రమంతా తెలిసింది. ఊరూరా ఆడవాళ్ళు సారా పాటలని అడ్డుకున్నారు. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. తర్వాత జరిగినదాన్ని జనం తక్కువగా గుర్తుపెట్టుకున్నారు గానీ నాకు అదే ముఖ్యంగా తోస్తుంది. మగవాడు తాగుడుకి తగలేసే కూలిలో కొంత ఇంటికి రావడం మొదలవగానే, ఆ ఆడవాళ్ళు గుంపులుగా కూడి రోజుకి ఒక్క రూపాయి దాచడం మొదలుపెట్టారు. పొదుపు లక్ష్మి అని దానికి పేరు. ఇక్కడ డబ్బు దాచింది చీర మడతలో కాదు. పుస్తకంలో పేరు రాసి, పదిమంది ఎదుట లెక్క చెప్పి, సంతకం పెట్టి దాచారు. రూపాయి అదే. కానీ మొగుడు అడిగితే “అది సంఘానిది, నేనొక్కదాన్నే తీయలేను” అని చెప్పే వీలు దొరికింది. ఇన్ని శతాబ్దాల పోపుల డబ్బా చెయ్యలేని పని ఒక చవక రకం రిజిస్టరు పుస్తకం చేసింది.

ఆ కథ అక్కడే ఆగుంటే బాగుండేది. నెలనెలా తప్పకుండా కట్టడం, ఒకరు తప్పితే మిగతావాళ్ళు సర్దడం అలవాటైన ఆడవాళ్ళని చూసి అప్పులిచ్చే కంపెనీలకి కూడా నోరూరింది. ఇంతకంటే నమ్మకమైన ఖాతాదారులు ఎక్కడ దొరుకుతారు? ఒకే ఇంటికి రెండు మూడు కంపెనీల అప్పులు, వారంవారం వసూళ్ళు. పదిమంది ఎదుట లెక్క చెప్పడమన్న ధైర్యమే పదిమంది ఎదుట పరువు పోవడమన్న భయమైంది. ఆత్మహత్యల వార్తలు వచ్చాక 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి ఆ వసూళ్ళకి కళ్ళెం వేసింది. పొదుపు చేయగల గుణం మనిషికి రక్ష అని నేను చిన్నప్పుడు నమ్మేదాన్ని. ఆ గుణాన్ని కూడా ఎరగా వాడుకోవచ్చని ఆ ఏడాది తెలిసింది.

చిట్కాల పేజీ ఎవరికోసమన్నది కూడా అడగాలి. ఏడాదికి సరిపడా కందిపప్పు, మిరపకాయలు ఒకేసారి కొనమంటారు. పాతిక కిలోల బియ్యం బస్తా తీసుకోమంటారు, బేగంబజారుకి వెళ్ళి టోకున తెచ్చుకోమంటారు. చేతిలో ఒకేసారి అంత డబ్బున్నవాళ్ళకి ఇది మంచి సలహా. ఏ రోజు కూలి ఆ రోజు తినేవాళ్ళు పావుకిలో పప్పు, చిన్న పొట్లం నూనె కొంటారు, కిలోకి ఎక్కువే కడతారు. విచిత్రంగా షాంపూ దగ్గర మాత్రం చాలాసార్లు ఇది తిరగబడుతుంది. సీసాకంటే సాచెట్లే చవక. కంపెనీలకి తెలిసిన ఆ లెక్క పప్పు అమ్మేవాళ్ళకి ఇంకా తెలియనట్టుంది.

ఈ మధ్య నన్ను బాగా ఆలోచింపజేసింది మాత్రం కరెంటు. తెలంగాణలో 2024 మార్చి నుంచి తెల్ల రేషను కార్డున్న ఇళ్ళకి నెలకి 200 యూనిట్ల లోపైతే బిల్లు సున్నా. ఒక్క యూనిట్టు దాటితే ఆ నెల మొత్తానికీ కట్టాల్సిందే. ఆ గీత ఇంటింటా కొత్త పొదుపు నేర్పింది. నెలాఖరు దగ్గర పడేకొద్దీ మీటరు చూసి రావడం ఒక పని అయింది. మాకు తెలిసిన ఒక ఇంట్లో ఎండాకాలం మధ్యాహ్నాలు కూలరు వెయ్యకూడదని నియమం పెట్టుకున్నారు. అందరూ కలిసి పెట్టుకున్నదే. మధ్యాహ్నం ఇంట్లో ఉండేది మాత్రం పెద్దావిడ ఒక్కతే. కొడుకూ కోడలూ ఉద్యోగాలకి, పిల్లలు కాలేజీకి. “నాకేం పర్లేదమ్మా, తడిగుడ్డ వేసుకుంటాను, రాత్రి పిల్లలకి నిద్ర పట్టాలిగా” అంది ఆవిడ నాతో. ఎవరూ ఆవిడని బలవంతపెట్టలేదు. అలాంటి నియమాలు ఎప్పుడూ అలాగే కుదురుతాయి, అభ్యంతరం చెప్పని మనిషి ఎక్కడుంటే అక్కడికి జారుకుంటాయి.

ఆ ఇంటి మనవరాలు ఇంటర్ చదువుతోంది. ఒక ఆదివారం కాగితం తీసుకుని ఇంట్లో ఒక్కొక్క వస్తువూ ఎన్ని వాట్లో రాసింది. కూలరు 180 వాట్లు, అయిదున్నర గంటలకి ఒక యూనిట్టు. నీళ్ళ మోటారు ఒక హెచ్‌పీ, గంటా ఇరవై నిమిషాలకే యూనిట్టు. ట్యాంకు నిండి మేడమీద నీళ్ళు పొర్లుతున్నా మోటారు ఆపేవాళ్ళు లేరన్నది ఆ వీధంతటికీ తెలిసిన సంగతే. నానమ్మ మధ్యాహ్నమంతా చెమట్లో కూర్చుని మిగిల్చింది పొద్దున్న మోటారు దగ్గర కారిపోతోంది. ట్యాంకు నిండగానే మోగే అలారం ఒకటి కొని పెట్టారు. ఇప్పుడు కూలరు మధ్యాహ్నాలు తిరుగుతోంది. పోయిన నెల బిల్లు కూడా సున్నాయే వచ్చింది. పొద్దున్నే అలారం మోగినప్పుడు మంచం దిగి మోటారు ఆపాల్సింది ఎవరన్నదానిమీద మాత్రం ఆ ఇంట్లో ఇంకా తగువు తెగలేదు.