చల్లారినదంతా శాంతించినట్టేనా?

మన మతసాహిత్యంలో తపస్సుకు దొరికిన చోటు ఉపశమనానికి దొరకలేదు. పంచాగ్నుల మధ్య నిలిచినవాళ్ల కథలు పిల్లలకు కూడా తెలుసు. ఆ వేడి నుంచి మనిషి ఎలా దిగివచ్చాడో చెప్పే కథలు మాత్రం అరుదు. పారాయణం చివర మూడుసార్లు శాంతి కోరుకుంటాం కానీ, వేడి పోతే మిగిలేది అదేనన్నట్టు ఉంటుంది మన ధోరణి. కోపం చల్లారింది కాబట్టి మనసు కుదుటపడిందనీ, ఏడుపు ఆగింది కాబట్టి దుఃఖం తీరిందనీ తేల్చేస్తాం. ఇది తప్పని నా వాదన. వేడి లేనంత మాత్రాన శాంతి కలగదు. వేడి చేయడానికి ఎంత శ్రద్ధ కావాలో దించడానికీ అంత శ్రద్ధ కావాలి, అది విడిగా చేయవలసిన పని. సింహాచలం అప్పన్న, ఉక్కు కర్మాగారం రెండూ ఉన్న విశాఖపట్నంలో దీనికి సాక్ష్యాలు దగ్గరలోనే ఉన్నాయి. అన్నిటికంటే స్పష్టమైన సాక్ష్యం గాజు బట్టీది కాబట్టి అక్కడ మొదలుపెడతాను.

రంగు గాజు ముక్కలు పేర్చి విద్యుత్ బట్టీలో సుమారు 800 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి చేస్తే అవి మెత్తబడి ఒకే పలకగా కలిసిపోతాయి. చూసేవారికి పని అక్కడితో అయిపోయినట్టే. కానీ బట్టీ కంట్రోలర్‌లో రాసే ప్రోగ్రాంలో అసలు ఓపిక కావలసిన భాగం ఆ తర్వాతే వస్తుంది. కళాగాజు తయారుచేసే బుల్స్‌ఐ సంస్థ పట్టిక ప్రకారం 12 మిల్లీమీటర్ల పలకను 482 డిగ్రీల దగ్గర 2 గంటలు నిలిపి, మొదటి మెట్టులో గంటకు 55 డిగ్రీల చొప్పున దించాలి. అదే 25 మిల్లీమీటర్లయితే 4 గంటలు నిలపాలి, గంటకు 15 డిగ్రీలే దించాలి. మందం రెట్టింపయితే దించే వేగం దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది. ఇవేమీ పాటించకుండా స్విచ్ ఆపేస్తే పైపొర ముందుగా గట్టిపడుతుంది, నడిమి భాగం ఇంకా మెత్తగానే ఉంటుంది. మెత్తని గాజు సర్దుకుపోతుంది కాబట్టి అప్పటికి ఇబ్బంది కనిపించదు. తర్వాత నడిమి భాగమూ గట్టిపడి, లోపలా బయటా ఒకే వేడికి దిగేసరికి, ఇంకా కుదించుకోవలసి ఉన్న ఆ నడిమి భాగాన్ని పైపొర కుదించుకోనివ్వదు. లోపల లాగుడు, పైన నొక్కుడు అలాగే నిలిచిపోతాయి. అంటే ఆ బిగువు స్థిరపడేది మంటలో ఉన్నప్పుడు కాదు, అంతా చల్లబడి సమానమైనప్పుడు. నాకు ఇందులో అన్నిటికంటే ముఖ్యంగా తోచేది ఇదే. తాకితే చల్లగా, కంటికి నిండుగా ఉన్న ఆ పలక ఎన్నో రోజుల తర్వాత, అరలో ఉండగానే, ఎవరూ ముట్టుకోకుండానే పగలవచ్చు. మామూలు వెలుతురులో ఆ బిగువు కనబడదు. పోలరైజ్ చేసిన కాంతిలో పెట్టి చూస్తేనే చారలుగా బయటపడుతుంది.

గడిచిపోయినది కనబడకుండా వస్తువులో నిలిచి ఉండటాన్ని మన తార్కికులు గుర్తించారు. 17వ శతాబ్దపు ఆంధ్ర పండితుడు అన్నంభట్టు రాసిన తర్కసంగ్రహంలో సంస్కారమనే గుణం మూడు రకాలు: వేగం, భావన, స్థితిస్థాపకం. అనుభవం వల్ల పుట్టి జ్ఞాపకానికి కారణమయ్యేది భావన. చాపలాంటి దాన్ని వంచితే మళ్లీ మునుపటి స్థితికి తెచ్చేది స్థితిస్థాపకం. మనసులోని జ్ఞాపకాన్నీ వస్తువులోని బిగువునూ ఒకే గుణం కింద చేర్చడం సామాన్యమైన ఆలోచన కాదు. కారణం ముగిశాక కూడా దాని పని వస్తువులో ఉండిపోయి, తగిన సందర్భం రాగానే బయటపడటం ఈ రెంటిలోనూ ఉంది. భాగవతంలో హిరణ్యకశిపుడు చనిపోయాడు, అంటే కోపానికి కారణం పోయింది. నరసింహుడి కోపం పోలేదు. దేవతలు స్తుతించినా తగ్గలేదు, లక్ష్మీదేవి సైతం దగ్గరికి వెళ్లడానికి జంకింది. చివరికి ప్రహ్లాదుడు వెళ్లవలసి వచ్చింది. శత్రువును చంపడం ఒక పని, చంపిన కోపాన్ని దించడం మరొక పని అని ఆ కథ విడదీసి చూపిస్తుంది.

సింహాచలంలో ఆ రెండో పనికి ఒక క్రమం ఉంది. వరాహలక్ష్మీ నరసింహస్వామి ఏడాది పొడుగునా చందనం పూతలోనే ఉంటాడు, నిజరూపం అక్షయ తృతీయనాడు మాత్రమే. ఆ దర్శనం ముగిశాక తొలి విడతగా 3 మణుగుల చందనం సమర్పిస్తారు. తర్వాత వైశాఖ, జ్యేష్ఠ, ఆషాఢ పౌర్ణములకు మరో మూడు విడతలు, మొత్తం 12 మణుగులు. ఉగ్రమూర్తిని ఒక్క పూటలో చల్లబరచరు, రెండు నెలలకు పైగా మెట్టుమెట్టుగా దించుతారు. భగవంతుడికి ఉపశమనం ఎందుకు, అది భక్తుల తృప్తికే కదా అని వేదాంతి అడగవచ్చు. అంత చందనం ఒకేసారి అరగదీయడం కష్టం కాబట్టి విడతలు పెట్టారని మరొకరు అనవచ్చు. రెండూ నిజమే అనుకుందాం. అప్పుడు కూడా, ఉపశమనం అంటే ఏమిటో ఊహించుకోవలసి వచ్చినప్పుడు ఈ సంప్రదాయం దానికి తేదీలు, కొలతలు, విరామాలు ఉన్న రూపమే ఇచ్చింది. నాకు కావలసిన సాక్ష్యం అంతవరకే.

లోపలి బిగువు పోవాలంటే మనిషి మొత్తం కరిగిపోవాలా అన్నది తర్వాతి చిక్కు. పాత గాయాన్ని మొదటినుంచీ తవ్వి తిరిగి అనుభవిస్తే తప్ప విడుదల లేదనేవారున్నారు. దాన్ని కదపకుండా వదిలేయమనేవారూ ఉన్నారు. పచ్చికుండ ఆవంలో ఎర్రబడటం గురించి మన దర్శనాల్లో ఇలాంటి వాదమే నడిచింది. నిప్పు తగలగానే కుండ పరమాణువులుగా విడిపోయి, అవి రంగు మారి, మళ్లీ కుండ అవుతాయన్నారు వైశేషికులు. కుండ కుండగానే ఉండి మారుతుందన్నారు నైయాయికులు. గాజు విషయంలో నేను నైయాయికుల వైపే. సరిగా చల్లారని పలకను తిరిగి 800 డిగ్రీలకు తీసుకువెళ్లనక్కర్లేదు, అలా చేస్తే దాని రూపమే పోతుంది. మెల్లగా 482కి చేర్చి నిలిపితే అంచు వంగదు, రంగు చెదరదు, లోపలి బిగువు మాత్రం సడలుతుంది. అణువులు కొద్దికొద్దిగా జరుగుతాయన్నది నిజం కాబట్టి వైశేషికుల మాటలోనూ కొంత నిలుస్తుంది. కానీ రూపం ఒక్క క్షణం కూడా లేకుండా పోదు.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది. బిగువు బలమిస్తుంది కదా? కారు పక్క అద్దాలను కావాలనే గాలితో త్వరగా చల్లార్చి పైపొరలో నొక్కుడు నిలుపుతారు, అందుకే అవి మామూలు గాజు తట్టుకోలేని దెబ్బను తట్టుకుంటాయి. కష్టాలు మనిషిని రాటుదేలుస్తాయన్న మాటకు ఇంతకంటే మంచి ఆధారం దొరకదు. బలం నిజమే, నేను కాదనను. కానీ అలా గట్టిపడిన అద్దాన్ని ఆపైన కోయలేం, రంధ్రం వేయలేం. కోయబోతే ఆ గీత దగ్గర ఆగకుండా అద్దమంతా ఒక్కసారిగా ముక్కలవుతుంది. కష్టంతో గట్టిపడి, ఇక ఏ మార్పునూ ఒప్పుకోలేని మనుషులను మనం గౌరవిస్తాం, గౌరవించాలి కూడా. వాళ్లు శాంతించారని మాత్రం అనుకోకూడదు. అసలు దించకూడని వేడి కూడా ఉంటుంది. విశాఖ ఉక్కు కర్మాగారంలో 7 మీటర్ల ఎత్తు కోక్ ఓవెన్లున్నాయి. అలాంటి ఓవెన్ల గోడలకు వాడే సిలికా ఇటుక వేడి బాగా దిగితే పరిమాణం మార్చుకుని పగుళ్లిస్తుంది, అందుకే వెలిగించిన ఓవెన్ల వరుసను ఏళ్ల తరబడి చల్లారనివ్వరు. న్యాయం కోసం రగిలే ఆగ్రహం కొందరిలో అలాంటిదే. నా వాదన ప్రతి వేడినీ దించాలని కాదు, దించేటప్పుడు ఎలా దించాలన్నది.

గాజు జడం, మనిషి చేతనుడు, ఒకదాని నుంచి మరొకదానికి ఎలా దూకుతావని తార్కికుడే అడ్డుపడతాడు. అన్నంభట్టు కూడా స్థితిస్థాపకాన్ని పృథివిలో, భావనను ఆత్మలోనే ఉంచాడు. ఆ గీతను నేను చెరపడం లేదు. గాజుకు జ్ఞాపకం ఉందనడం లేదు. తేడా వల్ల నా వాదన ఇంకా బలపడుతుందనే అనుకుంటున్నాను. గాజుకు బయట ఒక కంట్రోలర్ ఉంది. మనిషిలో వేడెక్కినదీ, దించవలసినదీ ఆ మనసే. పైగా కంట్రోలర్‌కు కూడా గాజు నడిమి వేడి తెలియదు, వేడిని కొలిచే థర్మోకపుల్ ఉన్నచోటి వేడే తెలుస్తుంది. అందుకే బట్టీ వెలిగించకముందే, పలక మందం చూసి ప్రోగ్రాం రాసి పెడతారు. చావు తర్వాత మన పెద్దలు పెట్టిన క్రమం అలా ముందే రాసి పెట్టినదే. చాలా తెలుగు ఇళ్లలో మొదట పది రోజుల మైల, ఆ వెంటనే పెద్దకర్మ, తర్వాత నెలనెలా మాసికాలు, ఏడాదికి సంవత్సరీకం. మొదట దగ్గరదగ్గరగా, పోనుపోను ఎడంగా. దుఃఖంలో ఉన్నవాడిని ఎంతసేపు ఏడవాలో నిర్ణయించుకోమని ఎవరూ అడగలేదు.

ఆ క్రమంలో నాకు కనిపించే లోపం ఒక్కటే, అది అందరి దుఃఖాన్నీ ఒకే మందంగా లెక్కిస్తుంది. తొంభై ఏళ్ల తాతకూ పదేళ్ల బిడ్డకూ అదే ఏడాది. సంవత్సరీకం అయిపోయింది కదా, ఇంకా ఏమిటని తల్లిని అడిగే బంధువు శాస్త్రం దాటి మాట్లాడటం లేదు, పట్టిక చూసే మాట్లాడుతున్నాడు. బట్టీ దగ్గర పనిచేసేవారు ఇక్కడ మరింత జాగ్రత్తగా ఉంటారు. పలక అంతటా ఒకే మందంగా లేకపోతే సగటు తీయరు. అన్నిటికంటే మందమైన చోటు కొలిచి, దానికి రెట్టింపు మందం ఉన్నట్టు లెక్కగట్టి ప్రోగ్రాం రాస్తారు. ఆ గంటలన్నీ పలచని అంచుకు అవసరం లేదు, అయినా అంతసేపూ బట్టీలో ఉన్నందుకు అది చెడిపోదు.